వంకర అంచు గిన్నె

ఏటికొప్పాక పేరు చెప్పగానే అందరికీ లక్క బొమ్మలే గుర్తుకొస్తాయి. వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరు ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022లో జిల్లాలు మారినప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ఇక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. సహజ రంగుల కోసం ఎంతో కృషి చేసిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఏటికొప్పాక బొమ్మలే ఊరేగాయి.

ఇవన్నీ జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో దొరికే విషయాలే. నేను చెప్పదలచుకున్నది ఏ పుస్తకంలోనూ లేని ఒక చిన్న గిన్నె గురించి. దాని అంచు గుండ్రంగా ఉండదు. రెండు వైపులా పైకి లేచి, రెండు వైపులా కిందికి వాలి ఉంటుంది. అంచు పొడవునా చెట్టు బెరడు అలాగే ఉంటుంది.

మా దొడ్డమ్మ ఆ ఊళ్లోనే తరిణి పని చేస్తుంది. కుంకుమ భరిణెలు, బొంగరాలు, గిలకలు, ఏది ఆర్డరు వస్తే అది. వేసవి సెలవులకు వెళ్లినప్పుడల్లా నేను ఆమె పక్కన కూర్చుని పని నేర్చుకుంటున్నాను. పూర్వం ఒకరు తాడు లాగి కర్రను తిప్పుతుంటే మరొకరు ఉలి పట్టేవారట. ఇప్పుడు కరెంటు మోటారు తిప్పుతుంది. వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, సన్నటి పోగుతో ఉంటుంది. ఉలి పెడితే జున్నులా తెగుతుంది.

మామూలుగా కర్రను నిలువు పోగు వెంటే తరిణికి ఎక్కిస్తారు. ముందు బెరడు పోతుంది, తర్వాత వంకర పోతుంది, చివరికి గుండ్రటి కర్ర మిగులుతుంది. అది తిరుగుతుండగానే లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడికి పుట్టిన వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. పసుపు కలిపిన లక్క పచ్చగా, జాఫ్రా గింజల రంగు కలిపినది నారింజ రంగులో, నీలి కలిపినది నీలంగా వస్తాయి. ఆ తర్వాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. బ్రష్షు అక్కరలేదు, ఆరబెట్టే పని లేదు.

బెరడు అంచు గిన్నెకు ఈ పద్ధతి పనికిరాదు. దుంగను నిలువునా రెండుగా చీల్చి, ఆ సగం ముక్కను అడ్డంగా ఎక్కించాలి. కోసిన చదును వైపును ఇనుప పలకకు మరలతో బిగించి, బెరడు వైపు మన ముందుకు వచ్చేలా పెట్టి, అటునుంచి తొలచుకుంటూ పోవాలి. అప్పుడు చెట్టు పైభాగమే గిన్నె అంచు అవుతుంది. అది ఎగుడుదిగుడుగా ఎందుకొస్తుందో తెలియాలంటే సొరకాయను అడ్డంగా పడుకోబెట్టి, స్టీలు గ్లాసు బోర్లించి గుండ్రంగా ముక్క కోసి చూడండి. కాయ పొడవు వెంట ముక్క ఎత్తుగా ఉంటుంది, పక్కలకు వాలిపోతుంది. గిన్నె అంచూ అంతే. ఆ వంపు మనం చెక్కింది కాదు, చెట్టు గుండ్రదనమే అక్కడ అలా కనిపిస్తుంది.

చతురస్రపు చెక్కతో ఇంకో రకం గిన్నె చేయవచ్చు. నాలుగు మూలలు తియ్యకుండా మధ్యలో మాత్రమే తొలిస్తే, గిన్నెకు నాలుగు రెక్కలు వచ్చినట్టు ఉంటుంది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది కానీ చెయ్యటానికి భయం వేస్తుంది. తిరిగేటప్పుడు ఆ మూలలు కంటికి కనబడవు. ఫ్యాను రెక్కల్లాగా పలచటి నీడ మాత్రమే కనిపిస్తుంది. ఆ నీడలో వేలు పెడితే వేలు మిగలదు. ఉలి కూడా అంచు దగ్గర ఒకసారి కర్రకు, ఒకసారి గాలికి తగులుతూ టకటక కొడుతుంది. గట్టిగా నొక్కితే మూల విరిగి ఎగురుతుంది. అందుకే దొడ్డమ్మ నాకు చెప్పిన మొదటి పాఠాలు ఉలి గురించి కావు. చున్నీ తీసెయ్యాలి, జడ ముడి వెయ్యాలి, స్విచ్ వేసే ముందు చేత్తో ఒక చుట్టు తిప్పి ఎక్కడా తగలట్లేదని చూసుకోవాలి, తిరిగే ముక్కకు ఎదురుగా నిలబడకూడదు.

మొదటి బెరడు గిన్నె పూర్తయ్యేసరికి నాకు ఒక పూట మొత్తం పట్టింది. అరచేతిలో ఇమిడేంత గిన్నె అది. దొడ్డమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాగుందే పిల్లా. మరి దీనికి మూతెలా పెడతావు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఏటికొప్పాక భరిణె గొప్పతనమంతా మూతలోనే ఉంది. మూత పెడితే అతుకు కనబడకూడదు, తీస్తే చిన్నగా గాలి చప్పుడు రావాలి. అది గుండ్రటి అంచుకే సాధ్యం.

"అంచుకి లక్క ఎలా పట్టిస్తావు?" అన్నది రెండో ప్రశ్న. అదీ నిజమే. లక్క కరగాలంటే ఆపకుండా రాపిడి ఉండాలి. ఎగుడుదిగుడు అంచుకు ఆనిస్తే కడ్డీ ముక్కలవుతుంది. అందువల్ల నా గిన్నెకు లోపలి గుండ్రటి భాగంలోనే పసుపు లక్క వేశాను. అంచు ఉత్త కర్రగా, బెరడుగా మిగిలిపోయింది.

మూడో ప్రశ్న ఆమె అడగలేదు, నాకే తట్టింది. నేను ఆ గిన్నె చేసిన పూటలో దొడ్డమ్మ వరసగా భరిణెలు తీసి బుట్ట నింపింది. ఆమెకు లెక్క కట్టేది ముక్కకు ఇంత అని. అంచు కొద్దిగా ఒరిగినా ఆ ముక్క పక్కకు పోతుంది, దాని కూలీ కూడా పోతుంది. ఇంట్లో బియ్యం ఆ బుట్ట మీద ఆధారపడి ఉన్నప్పుడు ఎవరు వంకర అంచుతో ఆటలాడతారు? నాకు హాస్టల్లో మూడు పూటలా అన్నం ఉంది. అందుకే ఒక పూటంతా ఒక గిన్నె మీద కూర్చోగలిగాను. విదేశాల్లో బెరడు అంచు గిన్నెలు చేసేవాళ్లు వాటిని కళాఖండాలుగా అమ్ముకుంటారు. మా దొడ్డమ్మ చేతిలో ఉన్న పనితనం వాళ్లకేమీ తీసిపోదు. ఆమెకు లేనిది ఒక పూట తీరిక, ఆ పూటకు ధర కట్టి కొనే మనిషి.

ఈ మాటే ఆమెతో అన్నాను. "దొడ్డా, నీకు రోజుకూలీ ఇచ్చి, నీ ఇష్టమొచ్చినట్టు చెయ్యమంటే ఏం చేస్తావు?"

ఆమె చాలాసేపు ఉలి నూరుతూనే ఉంది. తర్వాత, "వంకరకి తగ్గ మూత చేస్తాను. తరిణి మీద రాదు, బాకుతో చెక్కాలి. పై మూత కూడా అదే దుంగ బెరడుతో తీస్తే కలుస్తుంది" అంది. నేను చెయ్యలేనని వదిలేసిన పనికి ఆమె అప్పుడే దారి కనిపెట్టేసింది. ఆలోచన లేక కాదు, అడిగిన వాళ్లు లేక ఇన్నాళ్లూ ఆ మూత ఆమె తలలోనే ఉండిపోయింది.

ఆమె ఇంకో సంగతి కూడా చెప్పింది. బెరడు నిలవాలంటే చెట్టు ఆకు రాల్చి ఉన్న కాలంలో కొట్టిన కర్ర కావాలట. చిగురు వేసేటప్పుడు కొడితే బెరడు తొక్కలా ఊడిపోతుందట. ఇప్పుడు పొయ్యిలోకి వెళ్లాల్సిన లావుపాటి మొదళ్లను, వంకర ముక్కలను విడిగా ఒక మూలన పెడుతోంది. వచ్చే సెలవులకు అవి ఎండి సిద్ధంగా ఉంటాయి.

మిత్రులారా! మన హాస్టల్లో చాప అల్లే ఇళ్ల నుంచి, కుండ చేసే ఇళ్ల నుంచి, చెప్పు కుట్టే ఇళ్ల నుంచి, వల వేసే ఇళ్ల నుంచి వచ్చిన వాళ్లం ఉన్నాం. చదువుకుని ఆ పనుల నుంచి బయటపడాలని మన పెద్దలు కోరుకుంటున్నారు. అది న్యాయమైన కోరికే. నేనూ చదువు ఆపను. కానీ ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు మీ అమ్మనో నాన్ననో ఒక్క మాట అడగండి: ఆర్డరు లేకుండా, కూలీ బెంగ లేకుండా చెయ్యమంటే ఏం చేస్తావని. వాళ్లు చెప్పింది ఒక నోటుబుక్కులో రాసుకోండి. బొమ్మ గీయగలిగితే గీయండి. చదువుకున్న మనం ఆ పనికి సరైన లెక్క కట్టి, సరైన ధర అడగగలిగితే, మన చదువు ఆ చేతులకూ కాస్త పనికొచ్చినట్టే.

నా గిన్నె మా ఇంట్లో పొయ్యి పక్కన ఉంది. మూత లేదు కాబట్టి అమ్మ అందులో ఎండుమిరపకాయలు వేసుకుంటోంది.