భిలాయి ప్లేటులో నానో రేణువు

రాయ్‌పూర్ నుంచి దుర్గ్ వైపు వెళ్తుంటే 30 కి.మీ. లోపే చిమ్నీలు కనిపిస్తాయి. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితం భిలాయి. తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరిలో ప్రారంభించారు. గీత గీసినట్లున్న సెక్టార్లు, చెట్ల నీడన ఒకే అచ్చులో పోసినట్లున్న క్వార్టర్లు, నాటి స్నేహానికి గుర్తుగా మైత్రీబాగ్. ఉద్యోగాలకొచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలూ తక్కువేం కాదు. ఈ ఊళ్లో అన్నీ భారీ కొలతలే. రైలు పట్టా 260 మీటర్ల పొడవు, ప్లేటు 3.6 మీటర్ల దాకా వెడల్పు.

అలాంటి చోట మీటరులో వంద కోట్లో వంతుతో పనేమిటి?

జవాబు హైదరాబాద్‌లో మొదలవుతుంది. కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల (డీఎంఆర్ఎల్) యుద్ధనౌకల కోసం డీఎంఆర్-249ఏ అనే ఉక్కును రూపొందించింది. అప్పటిదాకా ఈ రకం ఉక్కుకు దిగుమతులే దిక్కు. నౌకాదళం, స్టీల్ అథారిటీ (సెయిల్) చేయి కలిపాయి. ఫార్ములాను టన్నుల్లోకి మార్చే పని సెయిల్ కర్మాగారాల మీద పడింది. వాటిలో భిలాయి ఒకటి.

కిటుకంతా చిటికెడు లోహంలో ఉంది. ఈ తరగతి ఉక్కులో నయోబియం వంటి మూలకాలు 0.1 శాతం కూడా ఉండవు. దిమ్మెను 1,200 డిగ్రీల దరిదాపుల్లో కాల్చినప్పుడు నయోబియం ఉక్కులో కరుగుతుంది. రోలర్ల కింద నలుగుతూ చల్లారేటప్పుడు కార్బన్‌తో కలిసి రేణువులుగా బయటపడుతుంది. వాటిలో చాలా వాటి పరిమాణం కొన్ని నానోమీటర్లే. ఉక్కు స్ఫటికాల అంచులకు అడ్డుపడి, వాటిని పెరగనివ్వవు. స్ఫటికం చిన్నదైతే ఉక్కుకు బలం, పగుళ్లను తట్టుకునే గుణం రెండూ పెరుగుతాయి. మామూలుగా ఒకటి పెంచితే రెండోది తగ్గుతుంది.

ప్రయోగశాలలో కిలోల దిమ్మెతో ఇది సాధ్యమే. మిల్లులోకి వచ్చేది టన్నుల దిమ్మె. అంచు ముందు చల్లారుతుంది, నడుమ ఇంకా ఎర్రగానే ఉంటుంది. రోలర్ ముందు కాసేపు ఆగితే లెక్క తప్పుతుంది. రేణువులు ముద్దకట్టి పెరిగితే పట్టు పోతుంది. అందుకే మిల్లు ఆపరేటర్ చేతిలోని ఉష్ణోగ్రత, సమయాలే అసలైన నానో పరికరాలు. దేశంలో నానో పరిశోధనకు ప్రత్యేక కార్యక్రమం 2001లో వచ్చింది. దాని ఫలితాల్లో చాలా భాగం పత్రాల దగ్గరే ఆగింది. నానో బోర్డు తగిలించుకోని ఈ ఉక్కు మాత్రం సముద్రం చేరింది.

2014 ఆగస్టులో విశాఖపట్నంలో నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ కమోర్టా ఈ ఉక్కుతోనే తయారైంది. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్‌కు భిలాయి, బొకారో, రూర్కెలా కర్మాగారాలు సుమారు 30 వేల టన్నుల ప్రత్యేక ఉక్కు అందించాయి.

రేణువులు కంటికి కనబడవు కాబట్టి నిర్ధారణ వేరే దారిలో జరుగుతుంది. ప్లేటు నుంచి వేలెడు ముక్క కోస్తారు. గాటు పెట్టి, మైనస్ 60 డిగ్రీలకు చల్లబరిచి లోలకపు సుత్తితో ఒక్క దెబ్బ కొడతారు. విరిగేముందు ముక్క ఎంత శక్తిని మింగిందో అంకె చెబుతుంది. అది తగ్గితే ఆ ప్లేటు ఓడకు వెళ్లదు.