నీరు పల్లమెరుగు

"నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" అని మా అవ్వ తరచు అంటూ ఉండేది. ఆ సామెతలోని రెండో సగం నాకు చాలాకాలం అర్థం కాలేదు. మొదటి సగం మాత్రం ఎవరూ చెప్పనక్కరలేదని అనుకునేవాణ్ణి. నీరు పైనుంచి కిందికి పోతుందని తెలియనివాళ్ళు ఎవరుంటారు? అయితే నీరు కిందినుంచి పైకి కూడా పోగలదనీ, చప్పుడు లేకుండా పోతుందనీ నాకు పదేళ్ళ వయసులోనే తెలిసింది. దానికి మా ఇంట్లో చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు.

మాది హోసూరు ప్రాంతంలోని ఒక పల్లె. మట్టిగోడల ఇల్లు, పెంకుల కప్పు, పేడతో అలికిన నేల. వెనుక గదిలో గోడకు జానెడు ఎడంగా ఒక కొయ్యపెట్టె ఉండేది. అది మా తాతది. తాత వీధిబడి అయ్యవారు. తెలుగు పుస్తకాలు దొరకడం కష్టమైన చోట, ఎవరి దగ్గర ఏ మంచి గ్రంథం కనిపించినా అడిగి తెచ్చుకొని, ఎత్తి రాసుకొని తిరిగి ఇచ్చేవాడట. అట్లా ఆయన చేత్తో రాసుకున్న పుస్తకాలు ఆ పెట్టె నిండా ఉండేవి. నేను పుట్టేనాటికి ఆయన లేడు. ఇంటా వీధిలో తెలుగు వినిపించినా, రాతలో తెలుగు కనిపించేది ఆ పెట్టెలోనే. నాకు అక్షరాలు దిద్దించేటప్పుడు అవ్వ ఆ పుస్తకాలే ముందు పెట్టేది.

పెట్టెను తాత నేల మీద పెట్టలేదు. రెండు బండరాతి పలకలు వేసి, వాటి మీద ఉంచాడు. ఒకనాడు క్రికెట్ ఆటకు వికెట్లు కావలసి వచ్చాయి. నేనూ నా జతగాడూ కలిసి పెట్టెను పక్కకు జరిపి, ఆ రాళ్ళు తీసుకుపోయాము. పెట్టెను గోడకు ఆనించి నేల మీదనే వదిలేశాము. ఆట ముగిసింది గాని రాళ్ళు తిరిగి ఇల్లు చేరలేదు.

ఆ ఏడు ఆశ్వయుజ, కార్తిక మాసాల్లో వానలు విడవకుండా కురిశాయి. వానలు వెలిసిన తరువాత అవ్వ పెట్టె తెరిచింది. పైన ఉన్న పుస్తకాలు బాగానే ఉన్నాయి. అడుగున ఉన్న నాలుగు పుస్తకాలు మాత్రం ఒకదానికొకటి అతుక్కొని ముద్దలా అయిపోయాయి. విప్పబోతే పొరలుగా ఊడి వచ్చాయి. సిరా నలువైపులా పాకి, అక్షరాల చోట నీలి మచ్చలు మిగిలాయి. అవ్వ ఆ ముద్దను ఒళ్ళో పెట్టుకొని చాలాసేపు కూర్చుంది. ఎవరినీ ఏమీ అనలేదు.

"కప్పు కారినట్టుంది" అన్నాడు మా నాయన. నేను నోరు మెదపలేదు. ఆయన రెండు రోజులు కూలికి మనుషుల్ని పెట్టి, పెంకులన్నీ దింపించి మళ్ళీ కప్పించాడు. ఆ ఉగాదికి మా ఇంట్లో ఎవరికీ కొత్తబట్టలు లేవు. అప్పుడు కూడా నేను మాట్లాడలేదు. రాళ్ళు తీసినందుకు తిడతారన్న భయమే తప్ప, రాళ్ళకూ తడికీ సంబంధం ఏమిటో నిజంగా నాకు తెలియదు. కప్పు కారలేదు, వాకిట్లో నీరు గడప దాటి రాలేదు. మరి పెట్టె అడుగుకు తడి ఎక్కడినుంచి వచ్చినట్టు?

జవాబు ఉన్నత పాఠశాలలో దొరికింది. ఒకనాడు మా సైన్సు అయ్యవారు ఒక పళ్ళెంలో రంగునీళ్ళు పోసి, వేరువేరు లావుల గాజుగొట్టాలను అందులో నిలబెట్టారు. లావుపాటి గొట్టంలో నీరు ఉన్నచోటనే ఉంది. సన్నగొట్టంలో కొంత ఎక్కింది. వెంట్రుకంత సన్నని రంధ్రం ఉన్న గొట్టంలో అందరూ చూస్తుండగానే పైపైకి పోయింది. అటువంటి గొట్టాన్ని కేశనాళిక అంటారనీ, ద్రవం ఇట్లా ఎక్కే గుణాన్ని కేశనాళికీయత అంటారనీ ఆయన చెప్పారు.

దీని మూలం తెలుసుకోవాలంటే మొదట నీటి ఉపరితలాన్ని గమనించాలి. నీటి అణువులు ఒకదానినొకటి ఆకర్షించుకుంటాయి. లోపల ఉన్న అణువును చుట్టూ ఉన్నవి అన్నివైపులకూ సమానంగా లాగుతాయి. ఉపరితలం మీద ఉన్న అణువుకు పైన నీరు లేదు. కాబట్టి దానిని లోపలివైపు లాగేవే ఎక్కువ. అందువల్ల ఉపరితలం సాగదీసిన పొరవలె బిగుసుకొని, వీలైనంత తక్కువ వైశాల్యానికి కుంచించుకోవాలని చూస్తుంది. ఈ గుణమే తలతన్యత. చామాకు మీద నీటిబొట్టు ముత్యంలా గుండ్రంగా నిలవడానికీ, చెరువు నీటి మీద సన్నని కాళ్ళ పురుగులు మునగకుండా పరుగెత్తడానికీ, మెల్లగా పడుకోబెట్టిన సూది నీటి మీద తేలడానికీ కారణం ఇదే. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటి తలతన్యత మీటరుకు సుమారు 0.073 న్యూటన్లు. పాదరసానికి ఇది ఆరు రెట్లకు పైగా ఉంటుంది. నీటిలో సబ్బు కలిపితే సగానికి కంటె తగ్గిపోతుంది. అందుకే సబ్బునీరు బట్ట పోగుల మధ్యకు సులువుగా చొరబడి మురికిని వదిలిస్తుంది.

ఇక గొట్టం సంగతి. నీటి అణువులకు తమలో తమకున్న ఆకర్షణ కంటె గాజు మీద ఆకర్షణ ఎక్కువ. కాబట్టి అంచున నీరు గాజును పట్టుకొని ఎగబాకుతుంది. తలతన్యత మధ్యలోని నీటిని కూడా దానితోపాటు పైకి లాగుతుంది. ఎక్కిన నీటి బరువు ఈ లాగుడుకు సరిపోయినప్పుడు నీరు ఆగిపోతుంది. పాదరసానికి గాజు అంటదు కాబట్టి, సన్నని గొట్టంలో అది ఎక్కడానికి బదులు దిగుతుంది. గొట్టం ఎంత సన్ననిదైతే నీరు అంత ఎత్తుకు ఎక్కుతుందని జేమ్స్ జూరిన్ అనే ఆంగ్ల వైద్యుడు 1718లో నిరూపించాడు. వ్యాసార్ధం ఒక మిల్లీమీటరు అయితే నీరు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు, అందులో పదోవంతు అయితే సుమారు 15 సెంటీమీటర్లు ఎక్కుతుంది.

అయ్యవారు అంతటితో ఆగక, "మట్టిగోడలోనూ ఇటుకలోనూ కంటికి కనిపించని ఇటువంటి సందులు వేలకొద్దీ ఉంటాయి. వానకాలంలో గోడలకు అడుగునుంచి చెమ్మ ఎక్కేది అందుకే" అన్నారు. నా గుండె ఝల్లుమంది. నేలలోని తడి అలికిన మట్టిలోనుంచి, గోడలోనుంచి పెట్టె కొయ్యకూ, కొయ్యనుంచి కాగితానికీ పాకిపోయింది. తాత ఇటుకలు కాక బండరాళ్ళే ఎందుకు వేశాడో, గోడకు జానెడు ఎడం ఎందుకు వదిలాడో అప్పుడు అర్థమైంది. గట్టి బండరాయిలో నీరు ఎక్కే సందులు లేనట్టే లెక్క. ఇటుకలైతే అవే నీటిని పీల్చి పెట్టెకు అందించి ఉండేవి. కప్పు నిరపరాధి.

ఆ సాయంత్రమే అవ్వ దగ్గరికి వెళ్ళి, "అవ్వా, పెట్టె కింద రాళ్ళు తీసింది నేనే" అన్నాను. ఆమె ప్రమిదలో ఒత్తి సర్దుతూ ఉంది.

"ఎరుగుదును లేరా. రాళ్ళు లేవని ఆ పొద్దే చూసినాను" అంది.

"మరి నాయనతో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తావని చూస్తా ఉన్నాను."

మూడేళ్ళు చూసింది. ప్రమిదలోని నూనె ఒత్తి పోగులగుండా పైకి పాకి మండుతూ ఉంది. నేను తల ఎత్తలేకపోయాను.

మరునాడు చేనికి వెళ్ళి మా నాయనతో కూడా చెప్పాను. వాన వెలిసి నాలుగు రోజులైంది. ఆయన రాగిచేలో సాళ్ళ మధ్య గుంటక తోలుతున్నాడు. "పెంకులు ఎప్పటికైనా సర్దాల్సినవే. పుస్తకాలే తిరిగి రావు" అని మాత్రం అన్నాడు. కాసేపటికి తనే ఎద్దులను నిలిపి, "వాన పోయినాక పైమన్ను చెదరగొట్టకపోతే కింది తేమంతా ఎండ తాగేస్తుంది" అన్నాడు. గట్టిపడిన నేలలోని సన్నని సందులగుండా తడి పైకి ఎక్కి ఆవిరైపోతుంది. గుంటక ఆ సందులను పైపొరలో తెంపివేస్తుంది, కలుపూ పోతుంది. కేశనాళికీయత అనే మాట మా నాయనకు తెలియదు, కాని పని తెలుసు.

తరువాత నేను తెలుగు చదువుకున్నాను గాని, ఈ విషయం గురించి ఏది కనిపించినా చదవడం మానలేదు. విశాఖపట్నంలో బాల్యవిద్య గడిపి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిన చంద్రశేఖర వేంకట రామన్ తొలినాటి పరిశోధన వ్యాసాలలో ఒకటి ద్రవాల తలతన్యతను కొలిచే పద్ధతి గురించినదే. అది 1907లో వెలువడింది. జర్మనీలో ఆగ్నెస్ పొకెల్స్ అనే ఆమెకు, ఆడపిల్ల కాబట్టి, విశ్వవిద్యాలయంలో చోటు దొరకలేదు. ఆమె వంటింట్లోనే రేకుతొట్టిలో నీరు పోసి, ఒక చిన్న బిళ్ళను నీటి మీదినుంచి ఎత్తడానికి ఎంత బలం కావాలో త్రాసుతో కొలిచింది. జిడ్డు, మురికి సోకితే నీటి తలతన్యత ఎట్లా మారుతుందో లెక్కలు కట్టింది. ఆమె రాసిన ఉత్తరాన్ని రేలీ ప్రభువు 1891లో 'నేచర్' పత్రికలో ప్రచురింపజేశాడు. గిన్నెలు కడిగే నీటిలో కూడా శాస్త్రం ఉందని ఆమె లోకానికి చూపింది.

తాత పెట్టె ఇప్పుడు మా ఇంట్లో ఉంది. రెండు బండరాళ్ళ మీద, గోడకు జానెడు ఎడంగా ఉంచాను. తడిసిన పుస్తకాలలో చదవడానికి వీలైన పేజీలను కొత్త పుస్తకంలోకి ఎత్తి రాశాను. పదకొండు పేజీలు మాత్రమే తేలాయి. నీలి మచ్చలు మిగిలిన కాగితాలను కూడా పారవేయలేదు. మా ఇంటికి వచ్చిన పిల్లలు పెట్టె కింద రాళ్ళెందుకని అడుగుతారు. వారికి మొదట గాజుగొట్టం సంగతి చెబుతాను. ఆ తరువాత, రాళ్ళు తీసింది ఎవరో కూడా చెబుతాను.