చెప్పుల్లోంచి తొంగిచూసే గోళ్లు

సాండల్స్ వేసుకుంటే కాలిగోళ్లకు రంగు ఉండి తీరాలా? ఈ మాట ఎవరూ పైకి అనరు. చూపు మాత్రం ఒక్క క్షణం పాదాల దగ్గర ఆగుతుంది.

పాదాలకు రంగు మనకు కొత్తదేమీ కాదు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడే పారాణి ఉంది. ఆషాఢంలో గోళ్లను పండించే గోరింటాకు ఉంది. ఆ ఎరుపు గోరుతో పాటే నెమ్మదిగా పైకి జరిగి, చివరకు నెలవంకంత మిగిలేది. ఆ కాస్త ఎరుపునూ మా అమ్మ మురిపెంగా చూసుకునేది. నెయిల్ పాలిష్ కొంచెం పెచ్చు ఊడితే మాత్రం మనం కాళ్లు ముడుచుకుంటాం. పండగకు పూసుకున్న రంగు సంబరం. చూపులకు జడిసి పూసుకునేది సంబరమెలా అవుతుంది?

మనసైన రోజు ఎర్రగా పూసుకుంటాను. మిగతా రోజుల్లో ఉత్తి గోళ్లతోనే సాండల్స్ తొడుక్కుని బజారుకు వెళతాను.