అప్ప ఊరికి ఎమ్మెల్యే లేడు

2023 నవంబరు. అసెంబ్లీ ఎన్నికల ప్రచారం ముమ్మరంగా సాగుతోంది. కొత్తపేటలో మా వీధి ఇరుకే అయినా గంటకో ప్రచార ఆటో మైకులో అరుచుకుంటూ వెళ్లేది. మా అప్ప వరండాలో పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. (మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం.) ఎవరో గేటు తీసుకుని వచ్చి, చేతిలో కరపత్రం పెట్టి, ‘మీ ఓటు మాకే వెయ్యాలమ్మా’ అని దణ్నం పెట్టి వెళ్లారు. అప్ప దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నన్ను పిలిచింది.

‘‘ఒరే తమ్ముడూ, ఈ ఎమ్మెల్యే అన్నోడు ఏటి సేస్తాడ్రా?’’

మా అమ్మాయి పకపకా నవ్వింది. ‘‘నిజంగా తెలీదా అత్తా?’’

‘‘మా ఊళ్లో ఉంటే కదే తెలియడానికి!’’ అంది అప్ప, చిక్కుడుకాయ ఈనె తీస్తూ.

నేను నవ్వలేకపోయాను. నిజమే. అరవై రెండేళ్ల మా అప్ప జీవితంలో ఒక్కసారి కూడా ఎమ్మెల్యేకి ఓటు వేయలేదు. ఓటంటే నిర్లక్ష్యం ఉండి కాదు. ఆమె ఉండే చోట ఎమ్మెల్యే అనే మనిషే లేడు!

అప్పది పోర్ట్‌బ్లెయిర్. 2024 సెప్టెంబరులో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ మా నోటికి ఇంకా పాత పేరే వస్తుంది. 1979లో బావతో పెళ్లయి అండమాన్ వెళ్లేనాటికి అప్పకి పద్దెనిమిదేళ్లు. అప్పట్లో ఓటు హక్కు రావాలంటే ఇరవై ఒకటి నిండాలి. ఆ వయసు వచ్చేసరికి అసెంబ్లీ లేని ఊళ్లో ఉంది. ఆంధ్రప్రదేశ్ పుట్టిన 1956 నవంబరు 1నే అండమాన్ నికోబార్ దీవులూ కేంద్రపాలిత ప్రాంతమయ్యాయి. మనకు అసెంబ్లీ వచ్చింది. వాళ్లకి ఈనాటికీ రాలేదు.

మా బావ అక్కడ పి.డబ్ల్యు.డి.లో దినకూలీ మజ్దూరుగా చేరి, తర్వాత పర్మినెంటు అయ్యాడు. నేనూ మరో పదేళ్లకి పొట్ట చేతపట్టుకుని హైదరాబాద్ వచ్చాను. ఒక కడుపున పుట్టిన ఇద్దరం... ఒకరు సముద్రం దాటి తూర్పుకి, ఒకరు రైలెక్కి పడమటికి. మా ఊళ్లో ఇది వింతేం కాదు. వానపడితే పంట, లేకపోతే వలస. మా తాతగారి కాలంలో ‘రంగం’ వెళ్లేవాళ్లు, అంటే బర్మాలోని రంగూన్. యుద్ధం వచ్చి, ఆ తర్వాత బర్మా తలుపులు మూసుకున్నాక, సిక్కోలు జనానికి దొరికిన కొత్త దారుల్లో అండమాన్ ఒకటి. కొందరు వలలు పట్టుకుని వెళ్లారు. కొందరు తాపీలు పట్టుకుని వెళ్లారు.

2003 జనవరిలో మొదటిసారి అప్ప ఇంటికి వెళ్లాను. విశాఖ రేవులో ఓడెక్కితే దాదాపు పన్నెండు వందల కిలోమీటర్ల సముద్రం. రెండు రోజులు దాటినా నీళ్లు తప్ప ఏమీ కనపడవు. మూడోరోజు దూరంగా పచ్చటి కొండలు కనిపిస్తే, ఓడలో ఉన్న మన మత్స్యకార కుటుంబాల ఆడవాళ్లు ‘వచ్చీసినాం’ అని సామాన్లు సర్దుకున్నారు. అప్పుడే నాకు కాస్త అనుమానం వచ్చింది, వీళ్లు ఊరెళ్తున్నారా, ఊరొస్తున్నారా అని!

జంగ్లీఘాట్‌లో దిగితే తెలుగు బోర్డులు, తెలుగు తిట్లు, ఎండుచేపల వాసన. అప్ప ఇల్లు అక్కడే, వాలులో. పక్కింట్లో బెంగాలీలు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులకు 1949 నుంచి ప్రభుత్వం అక్కడ భూములిచ్చింది. ఎదురింట్లో తమిళులు. వెనక వీధిలో రాంచీ వైపు నుంచి అడవి పనులకు తెచ్చిన కూలీల పిల్లలు. ఇంకా మలబారు నుంచి వచ్చిన మాప్పిళాలు, బర్మా నుంచి వచ్చిన కరెన్లు. అందరికీ కలిపి ఒకటే భాష, హిందీ. అదీ ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు మాట్లాడే హిందీ. 2011 జనాభా లెక్కల్లో దీవులన్నిట్లో కలిపి ఉన్నది 3.8 లక్షల మంది. ఒక్క మా ఎల్బీనగర్ నియోజకవర్గంలో ఓటర్లే అంతకంటే ఎక్కువ. అందులో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు నూటికి 13 మంది, అంటే సుమారు 50 వేలు. సర్కారు బళ్లలో తెలుగు మీడియం కూడా ఉంది.

వీళ్లందరికంటే వేల ఏళ్ల ముందు నుంచీ ఉన్న అసలు దీవివాసులు గ్రేట్ అండమానీలు, ఓంగీలు, జారవాలు, సెంటినలీలు, నికోబారులో నికోబారీలు, షోంపెన్లు. నికోబారీలను పక్కనపెడితే మిగతా తెగలన్నీ కలిపినా కొన్ని వందల మందే. ‘‘మనం వచ్చినోళ్లం బావా. ఆళ్లు ఉన్నోళ్లు. మనమందరం పెరిగాం, ఆళ్లు తరిగారు’’ అన్నాడు మా బావ ఓ సాయంత్రం. పెద్దగా చదువుకోని ఆ మనిషి అంత మాట అంటాడనుకోలేదు.

సెల్యులర్ జైలుకీ తీసుకెళ్లాడు. 1906లో పూర్తయిన ఆ జైలు గదుల ముందు నిలబడితే ఒళ్లు జలదరిస్తుంది. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర శిక్ష అనుభవించింది అండమాన్‌లోనే. ఆయనే 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అక్కడ సంకెళ్లతో ఉన్న మనిషి ఇక్కడి జనానికి ప్రతినిధి అయ్యాడు. కానీ ఆ దీవుల జనం మాత్రం తమ ఎంపీని తామే ఎన్నుకోడానికి 1967 దాకా ఆగాల్సి వచ్చింది. అంతకుముందు నామినేట్ చేసేవారు.

మరి పరిపాలన ఎలా? పైన లెఫ్టినెంట్ గవర్నర్. ఆయన కింద అధికారులు. కింద పంచాయతీలు, జిల్లా పరిషత్తు, పట్టణానికి మున్సిపల్ కౌన్సిల్. నికోబారు దీవుల్లో గిరిజన మండళ్లు. మధ్యలో మంత్రీ లేడు, ఎమ్మెల్యే లేడు. రాజ్యసభ సీటూ లేదు. అన్నిటికీ కలిపి లోక్‌సభలో ఒక్క ఎంపీ. హైకోర్టు కలకత్తాది, దాని బెంచి పోర్ట్‌బ్లెయిర్‌లో కూర్చుంటుంది. దీన్నంతా మా బావ ఒక్క ముక్కలో తేల్చేశాడు.

‘‘కందిపప్పు మద్రాసు నుంచి, ఉత్తర్వు ఢిల్లీ నుంచి, తీర్పు కలకత్తా నుంచి... మనదంటూ ఉన్నది చేపా, కొబ్బరికాయే బావా!’’

దీవి బతుకుతెరువు కూడా అందులోనే ఉంది. బియ్యం, పప్పు, సిమెంటు, కరెంటుకి కావలసిన డీజిలు అన్నీ ‘మెయిన్‌లాండ్’ నుంచి ఓడలో రావాల్సిందే. మనల్ని వాళ్లలా అంటారు. ఓడ ఆలస్యమైతే ఉల్లిపాయ బంగారమే. మన హైదరాబాద్ కంటే మూడు రెట్లకు పైగా వాన కురుస్తుంది, అయినా ఎండాకాలం వస్తే కుళాయికి కటకట. పెద్ద ఫ్యాక్టరీలు లేవు. 1883 నాటి చాథం రంపపు మిల్లు ఉంది గానీ, చెట్ల నరికివేతపై సుప్రీంకోర్టు 2002లో కఠినంగా ఆంక్షలు పెట్టాక కలప వ్యాపారం కుంగిపోయింది. మిగిలింది సర్కారు కొలువు, చేపలు, కొబ్బరి, వక్క, పర్యాటకులు. అందుకే అక్కడ పిల్లాడు పుడితే ‘గవర్నమెంటు ఉద్యోగం రావాలి’ అని దీవిస్తారట.

2004 డిసెంబరు 26. ఆదివారం. ఆ రోజు టీవీ చూస్తూ మా అమ్మ కూలబడిపోయింది. సునామీ! ఫోన్లు పనిచేయవు. రెండు రోజులు మా ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. మూడోరోజు ఎవరి ఫోన్ నుంచో బావ గొంతు... ‘‘అందరం ఉన్నాం.’’ అంతే, లైన్ పోయింది. ఇంట్లోకి నీళ్లు వచ్చాయట. పిల్లల్ని చంకనేసుకుని గుట్టెక్కారట. అండమాన్ నికోబార్‌లో చనిపోయిన, గల్లంతైన వాళ్లు సుమారు మూడున్నర వేల మంది. ఎక్కువమంది నికోబారు దీవులవాళ్లే. పోర్ట్‌బ్లెయిర్ దగ్గర సిప్పీఘాట్‌లో భూమి కుంగి, పంటపొలాలు సముద్రం పాలయ్యాయి.

‘వచ్చేయండర్రా, కలో గంజో ఇక్కడే తాగుదాం’ అని మా అమ్మ ఏడ్చింది. వాళ్లు రాలేదు. ‘సముద్రం ఒక్కరోజు కోప్పడిందని ఇల్లొగ్గేసి ఎలా వస్తామమ్మా’ అంది అప్ప. ఆ మాటకి అమ్మ చాలా కాలం అలిగింది.

ఆ తర్వాత ఏళ్ల తరబడి మాకూ వాళ్లకీ మధ్య మాటలంటే తెగిపోయే ఫోన్లే. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ పనిచేయడం మొదలయ్యాక వీడియో కాల్స్ నిలకడగా వచ్చాయి. 2023 ఫిబ్రవరిలో బావ చివరి రోజుల్లో ఆయన్ని చూసింది ఆ తెరమీదే. ‘‘బావా, మీ అప్ప జాగ్రత్త’’ అన్నాడు. విమానం పట్టుకుని వెళ్లేసరికి అంతా అయిపోయింది.

ఆ మాట నా మెడలో పడింది. ఆగస్టులో మోకాళ్ల ఆపరేషన్ కోసం అప్పని కొత్తపేట తీసుకొచ్చాను. మేడమీద గది బాగు చేయించాను. మెట్లకి అటూ ఇటూ పట్టుకోడానికి పైపులు పెట్టించాను. ఇక ఇక్కడే ఉండిపొమ్మని నేనూ, మా ఆవిడా పదేపదే చెప్పాం. అప్ప అవుననలేదు, కాదనలేదు. తెల్లవారుజామున నాలుగింటికే లేచి కూర్చునేది. ‘‘మా ఊళ్లో ఈపాటికి తెల్లారబోతాది’’ అనేది. సాయంత్రం ఐదున్నరకి, ‘‘మీకింకా ఎండేటిరా, మాకు దీపాలు పెట్టేసి ఉంటారు’’ అనేది. ఆమె వాచీ కొత్తపేటలో ఉంది గానీ కాలం మాత్రం అక్కడిదే!

ఎమ్మెల్యే కరపత్రం వచ్చిన ఆ రాత్రి భోజనాల దగ్గర నేను గట్టిగానే అడిగేశాను. ‘‘ఓటుకి ఎమ్మెల్యే లేడు, పప్పుకి ఓడ రావాలి, పెద్ద జబ్బు చేస్తే విమానమెక్కాలి. ఏముందని అప్పా అక్కడ? ఇక్కడ మనవాళ్లమున్నాం కదా!’’

అప్ప మజ్జిగ కలుపుకుంటూ మెల్లగా అంది. ‘‘నువ్వు కొత్తపేటకి ఎందుకొచ్చినావురా? ఇక్కడ నీకెవరున్నారని? పళ్ల మార్కెట్టు లారీల మజ్జిన జాగా కొన్నావు. ఇప్పుడా మార్కెట్టే బాటసింగారం ఎలిపోయింది, నువ్వు మాత్రం ఉన్నావు. నిన్నెవరైనా సిక్కోలు పోరా అంటే పోతావా? నా కూతురు బెంగాలీవోణ్ని చేసుకుంది. మనవడు నాతో హిందీలో మాట్లాడతాడు. మీ బావని ఆ మట్టిలోనే కలిపినాను. మరి నానెక్కడిదాన్నిరా?’’

నా దగ్గర జవాబు లేదు. సొంత ఊరంటే పుట్టిన ఊరని నేను అనుకుంటూ వచ్చాను. నా సంగతి మాత్రం ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు!

అప్పకి ఉన్న బెంగ వేరే. మనవడికి ఉద్యోగం లేదు. గ్రేట్ నికోబార్‌లో పెద్ద ఓడరేవు, విమానాశ్రయం, కొత్త పట్టణం కట్టే ప్రాజెక్టుకి 2022లో పర్యావరణ అనుమతి వచ్చింది. పనులొస్తాయని కుర్రాళ్లు ఆశపడుతున్నారు. అడవి పోతుంది, షోంపెన్ల గతేమిటి అని అడిగేవాళ్లూ ఉన్నారు. ‘‘మంచో చెడో మాకు తెలీదు. మమ్మల్ని ఒక మాట అడిగేవోడు ఉండాలి కదా. అందుకే అడిగినాను, ఎమ్మెల్యే ఏటి సేస్తాడని’’ అంది.

మన యానాం జనాభా 2011లో 55 వేలు. అదీ కేంద్రపాలిత ప్రాంతంలోదే. పుదుచ్చేరి అసెంబ్లీకి యానాం ఒక ఎమ్మెల్యేని పంపుతుంది. దాదాపు అంతమంది తెలుగువాళ్లే ఉన్న అండమాన్ మొత్తానికి ఒక్క ఎమ్మెల్యే లేడు. కొద్దిపాటి జనాభాకి అసెంబ్లీ ఎందుకు, ఖర్చు దండగ అనేవాళ్లున్నారు. సరిహద్దులో, రక్షణకు కీలకమైన చోట ఢిల్లీ చేతిలో ఉంటేనే నయం అనేవాళ్లూ ఉన్నారు. కావచ్చు. కానీ మా వీధిలో డ్రైనేజీ పొంగితే నేను తిట్టుకోడానికి కార్పొరేటరూ, ఎమ్మెల్యే, ఎంపీ వరుసగా ఉన్నారు. ఆ తిట్టుకునే సౌకర్యం విలువ ఏమిటో అప్పే నాకు చెప్పింది.

2024 మార్చిలో అప్ప బయల్దేరింది. అక్కడ లోక్‌సభ ఎన్నిక ఏప్రిల్ 19న. ‘‘ఉన్న ఒక్క ఓటూ పోగొట్టుకోమంటావా?’’ అంది. శంషాబాద్‌లో చక్రాల కుర్చీలో కూర్చుని, ఒడిలో ఆవకాయ జాడీ పెట్టుకుని, వెనక్కి తిరిగి చెయ్యూపింది. మా అమ్మ లేదు గనక ఈసారి అలిగేవాళ్లెవరూ లేరు.

ఏప్రిల్ 19 మధ్యాహ్నం ఫొటో వచ్చింది. సిరా చుక్క పెట్టిన వేలు, వెనకాల మనవడు. నేను మే 13న కొత్తపేటలో ఓటేసి, నా వేలి ఫొటో పంపాను. వెంటనే ఫోన్ చేసింది.

‘‘మేడమీద గది ఖాళీగా ఎందుకురా, అద్దెకిచ్చీ. నేనొస్తే కింద మీ గదిలో పడుకుంటాను... చుట్టపుచూపుగా!’’