నిద్రో, స్పృహ తప్పిందో!

ఫెరెట్లలో ఈ జబ్బు ముందు తోక దగ్గర బయటపడుతుంది. మా చిట్టికి నాలుగో ఏట తోక మొదట్లో బొచ్చు రాలడం మొదలై, రెండు నెలల్లో నడుం దాకా నున్నగా అయిపోయింది. పైగా ఒకటే గోక్కోవడం. ఎడమ అడ్రినల్ గ్రంథి ఉబ్బిందనీ, తీసెయ్యాలనీ డాక్టర్ చెప్పారు.

"ముంగిసకి ఆపరేషనేంటే, డబ్బులెక్కువయ్యాయా?" అంది తెనాలి నుంచి అమ్మ. చూడ్డానికి ముంగిసలాగే ఉంటుంది గానీ ఫెరెట్‌ది నీటికుక్కల వంశం. కాలిఫోర్నియాలో పెంచడం నిషేధం. మేముండే మిషిగన్‌లో మాత్రం షాపుల్లోనే అమ్ముతారు. చిక్కంతా అక్కడే ఉంది. అమెరికాలో అమ్మే పిల్లల్లో చాలావాటికి ఆరు వారాల వయసుకే సంతానం కలగకుండా ఆపరేషన్ చేసేస్తారు. అండాశయాలు లేకపోయినా మెదడు నుంచి హార్మోన్ల కోసం కబురు వెళుతూనే ఉంటుంది. ఆ పనిని అడ్రినల్ గ్రంథి నెత్తిన వేసుకుని ఉబ్బిపోతుంది. ఆపరేషన్ వయసుకూ జబ్బు మొదలయ్యే వయసుకూ సంబంధముందని నెదర్లాండ్స్ పరిశోధకులు 2000లోనే చూపించారు. అలాగని ఆపరేషన్ చేయించకుండా వదిలేయడానికీ లేదు. ఎదకొచ్చిన ఆడ ఫెరెట్ జత కట్టకపోతే ఆ హార్మోన్లకే రక్తహీనత వచ్చి చచ్చిపోవచ్చు. తొందర మాత్రం అమ్మేవాళ్లదే.

చిట్టి బరువు ముప్పావు కిలో. పొట్ట కోసినప్పుడు క్లోమం మీద కూడా రెండు చిన్న గడ్డలు కనిపించాయి. ఇన్సులిన్‌ను విడుదల చేసే గడ్డలవి. గ్రంథితోపాటు వాటినీ తీసేశారు. అయినా ఇంటికొచ్చాక చక్కెర పడిపోతూనే ఉంది. వెనక కాళ్లు తేలిపోయేవి, చొంగ కారేది, చూపు ఒకేచోట నిలిచిపోయేది. చిగుళ్లకు తేనె రాసి, కాస్త తేరుకోగానే మాంసం గుజ్జు పెట్టేవాళ్లం. రాత్రిళ్లు మూడు గంటలకోసారి అలారం. అసలే ఫెరెట్లది మొద్దు నిద్ర, ఎత్తి ఊపినా లేవవు. అర్ధరాత్రి చేతిలో వేలాడే ఆ ఒళ్లు నిద్రలో ఉందో, స్పృహ తప్పిందో తెలిసేది కాదు. ముక్కు దగ్గర తిండి పెట్టి, మీసాలు కదిలేదాకా చూస్తూ కూర్చునేవాళ్లం. స్టెరాయిడ్ మోతాదు కుదిరాకే మాకు నిద్ర.

ఏడాదికి మళ్లీ బొచ్చు రాలింది. ఈసారి కుడి గ్రంథి. అది శరీరం నుంచి గుండెకు వెళ్లే పెద్ద సిరకు అంటుకుని ఉంటుంది. కత్తి కాస్త తప్పితే రక్తం ఆగదు. గట్టెక్కినా, రెండు గ్రంథులూ పోతే బతికినన్నాళ్లూ హార్మోన్ మందులు వాడాల్సి రావచ్చు. "నా పిల్లయితే కోయించను" అన్నారు సర్జన్. ఆ మాట చాలింది మాకు.

బదులుగా భుజాల మధ్య చర్మం కింద డెస్లోరెలిన్ ఇంప్లాంట్ పెట్టించాం. అమెరికాలో 2012 నుంచి ఫెరెట్లకు ఇది అధికారికంగానే దొరుకుతోంది. గడ్డను కరిగించదు, మెదడు పంపే కబురును ఆపుతుంది. కొన్ని నెలలకు ప్రభావం తగ్గిపోతుంది, మళ్లీ పెట్టించాలి. రెండు వారాల్లో గోకుడు తగ్గింది. రెండో నెలకి బొచ్చు మునుపటికన్నా ఒత్తుగా వచ్చింది, మేజోళ్ల దొంగతనాలూ మొదలయ్యాయి. రోజూ పొద్దున్నే తోక మొదట్లో వేలితో నిమిరి చూడటం మాత్రం మానలేదు.