నేల కింద ఉండేదెవరు?

తాతయ్యను పొలం గట్టున వేపచెట్టు పక్కన పూడ్చిపెట్టారు. ఆ ఇంట్లో తరతరాలుగా అదే ఆచారం. దహనం లేదు, ఖననమే. పెద్దవాళ్లకు అందులో వింతేమీ కనిపించలేదు. రెండో తరగతి చదివే మనవరాలికి మాత్రం అదే పెద్ద దిగులైపోయింది. మూడోరోజు రాత్రి నానమ్మ పక్కలో పడుకుని, చాలాసేపు కళ్లు తెరుచుకునే ఉండి, చివరికి అడిగేసింది.

''నానమ్మా, తాతయ్య పాతాళానికి పోయాడా?''

గదిలో ఉన్నవాళ్లంతా ఉలిక్కిపడ్డారు. ''ఏం మాటలవి? నోర్మూసుకుని పడుకో'' అని తల్లి కసిరింది. పిల్ల తప్పేముంది? మంచివాళ్లు పైకి పోతారనీ, చెడ్డవాళ్లు కిందికి పోతారనీ బడిలో ఎవరో చెప్పారు. సినిమాల్లోనూ అలాగే చూపిస్తారు. తాతయ్యను తాళ్లతో కిందికి దించడం తను కళ్లారా చూసింది. ఆ రెండూ కలుపుకుంటే ఏం తేలుతుంది?

నానమ్మ కోప్పడలేదు. మనవరాలి తలమీద చెయ్యి వేసి, ''పాతాళమంటే ఏమనుకున్నావే పిచ్చిదానా? ఇంద్రుడుండే స్వర్గం కన్నా అదే బాగుంటుందని నారదుడంతటివాడు చెప్పాడు'' అంది.

పిల్లను ఊరుకోబెట్టడానికి ఆవిడ అప్పటికప్పుడు అల్లిన మాట కాదది. ఏళ్ల తరబడి గుళ్లో పురాణ కాలక్షేపానికి వెళ్లిన మనిషి. విష్ణుపురాణం రెండో అంశంలో ఆ సంగతి ఉంది. పాతాళలోకాలన్నీ తిరిగి స్వర్గానికి వచ్చిన నారదుడు, దేవతల ముందే ఆ మాట అనేశాడట. అక్కడ పగలు సూర్యుడి వెలుగు ఉంటుందిగానీ ఎండ కాల్చదు. రాత్రి వెన్నెల ఉంటుందిగానీ చలి పుట్టదు. నేల ఒకచోట తెల్లగా, ఒకచోట నల్లగా, ఒకచోట ఎర్రగా, ఇంకోచోట పచ్చగా ఉంటుంది. బంగారు నేలా ఉంది. వనాలు, నదులు, తామరకొలనులు, కోయిల కూతలు, వీణానాదాలు... దేవతలకు ఈ కబురు ఎలా రుచించిందో పురాణం చెప్పలేదు.

మరి మన నోట్లో పాతాళం ఎందుకింత చెడ్డమాటైపోయింది? ఎవడినైనా అణగదొక్కాలంటే ''అధఃపాతాళానికి తొక్కేస్తా'' అంటాం. మిర్చి ధర పడిపోతే పాతాళానికి పోయిందంటాం. బోరు వేసినవాడు పాతాళం దాకా దించినా చుక్క నీరు లేదని వాపోతాడు. తెలుగువాళ్లు ఆ మాటను మంచికి వాడిన చోట్లు లేకపోలేదు. బావిలో పడ్డ బిందెను పైకి తెచ్చే కొక్కేల గుత్తికి పాతాళగరిగె అని పేరు పెట్టుకున్నారు. ఊళ్లో ఒక్క ఇంట్లో ఉన్నా చాలు, అన్ని ఇళ్లవాళ్లూ అడిగి తీసుకెళ్లేవారు. శ్రీశైలంలో మెట్లన్నీ దిగి కృష్ణలో మునిగితే అది పాతాళగంగ. నంద్యాల జిల్లా బెలుం గుహల్లో నేలమట్టానికి 46 మీటర్ల లోతున ఉన్న నీటిమడుగు పేరూ అదే. 1951లో 'పాతాళభైరవి' వచ్చాక ఇక చెప్పేదేముంది, కిందిలోకం అంటే వరాలిచ్చే చోటని తోట రాముడు రుజువు చేసేశాడు.

అసలు చిక్కంతా పాతాళాన్నీ నరకాన్నీ కలిపేయడంలో వచ్చింది. భాగవతం ఐదో స్కంధంలో ఆ రెండింటికీ వేరువేరు అధ్యాయాలున్నాయి. నరకాలు దక్షిణ దిక్కున, యముడి ఏలుబడిలో ఉంటాయి. తామిస్రం, రౌరవం, కుంభీపాకం... మొత్తం 28. పాపం చేసినవాళ్లు శిక్ష అనుభవించే చోట్లవి. అతల, వితల, సుతల, తలాతల, మహాతల, రసాతల, పాతాళాలు అలాంటివి కావు. వాటికి భాగవతం పెట్టిన పేరు బిలస్వర్గాలు. అంటే నేల కింది స్వర్గాలు! అక్కడివాళ్లు ఖైదీలు కారు, కాపురస్థులు. దైత్యులు, దానవులు, నాగులు పెళ్లాంబిడ్డలతో, తోటలతో, మేడలతో సుఖంగా ఉంటారు. ఆ మేడలు కట్టింది మయుడు. సూర్యుడు కనిపించడు కాబట్టి పగలూ రాత్రీ లెక్క లేదు. చీకటిని పాముల పడగల మీది మణులే పోగొడతాయి. ఓషధుల మహిమవల్ల ముసలితనం, రోగం, చెమట, అలసట ఉండవు. సుదర్శన చక్రం తప్ప మరే మృత్యుభయమూ లేదు. (వెలుతురు విషయంలో రెండు పురాణాలకూ పొత్తు కుదరలేదని గమనించే ఉంటారు. విష్ణుపురాణంలో సూర్యుడున్నాడు, భాగవతంలో లేడు. పేర్ల వరసలోనూ అక్కడక్కడా తేడాలున్నాయి.)

అన్నట్టు, తెలుగు భాగవతం అనగానే పోతన పేరే చెబుతాం గానీ, ఈ లోకాల వర్ణన ఉన్న ఐదో స్కంధం ఆయన రాసింది కాదు, గంగన రాసింది.

లోతెంత అంటే ఒక్కో లోకానికి పదివేల యోజనాల చొప్పున డెబ్బైవేల యోజనాలు. యోజనం ఎంతన్న దానిమీద లెక్కలు రకరకాలు. ఎనిమిది మైళ్లనుకుంటే 5,60,000 మైళ్లవుతుంది. మనం నిలబడ్డ భూగోళం ఈ చివర నుంచి ఆ చివరకి ఎనిమిదివేల మైళ్లు కూడా లేదు. రష్యాలోని కోలా దగ్గర ఏళ్ల తరబడి తవ్వి 1989 నాటికి 12,262 మీటర్ల లోతుకు చేరారు. అక్కడి వేడికి ఇక ముందుకు పోలేకపోయారు. కాబట్టి పురాణాల భూమికీ మన పాఠ్యపుస్తకాల భూమికీ ముడిపెట్టబోతే రెండింటికీ అన్యాయమే. పాతాళమంటే అమెరికాయేనని, మనకు పగలైతే వాళ్లకు రాత్రి కదా అని వాదించేవాళ్లున్నారు. పిల్లలు అక్కడ స్థిరపడ్డ ఇళ్లలో ఈ మాటకు గిరాకీ ఎక్కువ. సూర్యుడే కనబడని చోటంటున్న భాగవతానికి ఇది పొసగదు. రోగాలు లేవన్న మాటా అక్కడి ఆస్పత్రి బిల్లులు చూసినవాళ్లు ఒప్పుకోరు.

నానమ్మ ఇవేమీ చెప్పలేదు. అతలంలో ఉండే మయుడి కొడుకు బలుడు ఆవులించిన కథ పిల్లలకు చెప్పేది కాదు గనక దాన్ని దాటేసింది. వితలంలో శివుడు హాటకేశ్వరుడిగా భవానీతో ఉంటాడని, అక్కడ పుట్టే బంగారానికే హాటకమని పేరని ఒక్కముక్కలో చెప్పింది. శ్రీశైలం వెళ్లినప్పుడు హటకేశ్వరం గుడి దగ్గర తాతయ్య కొబ్బరిచిప్ప ఇచ్చిన సంగతి పిల్లకు గుర్తుంది. ఆ తర్వాత సుతలం దగ్గర నానమ్మ ఆగిపోయింది.

సుతలం బలిచక్రవర్తిది. వామనుడు మూడో అడుగు నెత్తిన పెట్టి పాతాళానికి తొక్కేశాడని అందరం చెప్పుకుంటాం. పోతన ఎనిమిదో స్కంధంలోని వామన చరిత్ర పద్యాలు నోటికి వచ్చినవాళ్లు కూడా ఆ తర్వాత జరిగింది అంతగా పట్టించుకోరు. బలిని పంపించింది చీకటి కొట్లోకి కాదు. విశ్వకర్మ కట్టిన సుతలానికి. దేవతలు కూడా కోరుకునే చోటది. మనసుకు దిగులు, ఒంటికి నొప్పి ఉండవు. పైగా విష్ణువే గద పట్టుకుని ఆ ఇంటి గుమ్మం దగ్గర కావలి ఉంటానన్నాడు. మూడులోకాలూ ఇచ్చినవాడి ఇంటికి మూడులోకాల దేవుడు కాపలాదారు! దిగ్విజయం చేస్తూ అటు వెళ్లిన రావణుడిని ఆ కాపలాదారు కాలి బొటనవేలితో చిమ్మితే వేలవేల యోజనాల దూరాన పడ్డాడట. వచ్చే మన్వంతరంలో బలికి ఇంద్రపదవి కూడా రాసిపెట్టి ఉంది. ఓడిపోయినవాడి గురించి ఇంత మర్యాదగా మాట్లాడిన కథలు ఎన్నో లేవు.

''ఒక్కడే ఉంటాడా నానమ్మా?''

''ఒక్కడెందుకుంటాడే? వాళ్ల తాతయ్య ఉన్నాడుగా తోడు.''

ఇదీ నిజమే. బలి తాతగారు ప్రహ్లాదుడు. మనవడి కష్టం చూడటానికి వచ్చిన ఆ ముసలాయనతో విష్ణువు చివరగా అన్నది, నువ్వూ మనవడితో కలిసి సుతలానికి వెళ్లి సంతోషంగా ఉండమనే. స్వర్గమూ వైకుంఠమూ అడగలేదు ప్రహ్లాదుడు. మనవడి వెంట కిందికి వెళ్లాడు.

పిల్ల కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అసలు భయం బయటపెట్టింది. ''మరి పాములో?''

పాములు లేవని నానమ్మ ఎలా చెబుతుంది? మహాతలం నిండా కద్రువ సంతానమే. తక్షకుడు, కాళియుడు అక్కడివాళ్లే. అడుగున ఉన్న పాతాళంలో వాసుకి, శంఖుడు, ధనంజయుడు... ఐదు తలలవాళ్లు, నూరు తలలవాళ్లు. అంతకన్నా కింద ఆదిశేషుడు. ఆయన వేయి పడగల్లో ఒకదానిమీద ఈ భూమంతా ఆవగింజంత కనిపిస్తుందట. అయితే ఈ నాగులు కనపడ్డవాణ్నల్లా కరిచే రకం కాదు. దుర్యోధనుడు విషం పెట్టించి గంగలో తోయించిన భీముణ్ని కాపాడింది వాళ్లే. కుంతి పుట్టింటి తరఫు పెద్దవాడు ఆర్యకుడనే నాగుడు పిల్లవాణ్ని గుర్తుపట్టి కౌగలించుకున్నాడు. ఎనిమిది కుండల రసం తాగి కడుపునిండా నిద్రపోయి, వేల ఏనుగుల బలంతో ఇంటికొచ్చాడు భీముడు.

ఆర్యకుడి పేరు భారతంలో ఇంకోచోట వస్తుంది. ఉద్యోగపర్వంలో. ఇంద్రుడి సారథి మాతలి కూతురు గుణకేశికి వరుణ్ని వెతుకుతూ, నారదుణ్ని వెంటబెట్టుకుని కిందిలోకాలన్నీ తిరుగుతాడు. దానవుల హిరణ్యపురం చూశాడు, రసాతలంలో సురభిని చూశాడు. ఏ సంబంధమూ నచ్చలేదు. నాగుల భోగవతీ నగరంలో సుముఖుడనే కుర్రవాడు కంటికి ఆనాడు. తాత ఆర్యకుణ్ని అడిగితే ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కొడుకును గరుత్మంతుడు తినేశాడు. నెల తిరక్కుండా మనవణ్నీ తింటానని చెప్పి వెళ్లాడు. ఇలాంటివాడికి పిల్లనెలా ఇస్తారయ్యా అన్నాడు. మాతలి వెనక్కి తగ్గలేదు. కుర్రవాణ్ని ఇంద్రుడి దగ్గరికి తీసుకెళ్లాడు, విష్ణువు సమక్షంలో దీర్ఘాయువు ఇప్పించాడు. కోపంతో ఎగిరొచ్చి గొప్పలు చెప్పుకున్న గరుత్మంతుడి మీద విష్ణువు ఒక్క చెయ్యి మోపేసరికి ఆ బరువుకే కూలబడ్డాడు. మనం పాములకు భయపడతాం. పాములు ఇంకొకరికి భయపడుతూ, మనవళ్ల గురించి బెంగపడుతూ ఉంటాయని ఈ కథ చెబుతుంది.

రసాతలంలోని నివాతకవచులు, కాలకేయులు ఇంద్రుడంటే జడుస్తూ కలుగుల్లో ఉంటారు. వాళ్ల గురించి ఇంతకన్నా చెప్పుకోదగ్గది లేదు. పాతాళలంకలో రామలక్ష్మణులను దాచిన మైరావణుడు తోలుబొమ్మలాట చూసే జనానికి ప్రాణమే గానీ, వాల్మీకి రామాయణంలో లేడు.

ఒక కథ మాత్రం విడిచిపెట్టలేం. ఆదిపర్వంలో ఉదంకుడు కుండలాలు ఎత్తుకుపోయిన తక్షకుణ్ని వెంటాడుతూ బిలంగుండా నాగలోకానికి వెళతాడు. అక్కడ ఇద్దరు ఆడవాళ్లు మగ్గం మీద తెల్లదారం, నల్లదారం కలిపి గుడ్డ నేస్తుంటారు. పన్నెండు ఆకుల చక్రాన్ని ఆరుగురు పిల్లలు తిప్పుతుంటారు. తిరిగొచ్చాక గురువు విప్పి చెప్పాడు. ఆ దారాలు పగలూ రాత్రీ. చక్రం సంవత్సరం. పిల్లలు ఆరు రుతువులు. కిందిలోకంలో పగలూ రాత్రీ లేవంటుంది భాగవతం. మన పగలూ రాత్రీ నేసేదే అక్కడంటుంది భారతం. నేల కింద వేసిన విత్తనం ఏ రోజు మొలవాలో చూసుకునే రైతు ఇంట్లో రెండోదే నమ్మకంగా ఉంటుంది.

నానమ్మ ఆ కథ చెప్పేసరికి పిల్ల సగం నిద్రలో ఉంది. ''అక్కడ మోకాళ్లు నొప్పి పెట్టవా?'' అని అడిగిందట. తాతయ్య ఆఖరి రెండేళ్లూ మోకాళ్లు పట్టుకునే లేచేవాడు. ''పెట్టవమ్మా'' అంది నానమ్మ. చనిపోయిన ప్రతివాడూ సుతలానికి వెళతాడని ఏ పురాణంలో ఉందని పండితుడెవరైనా నిలదీస్తే ఆవిడ దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రి నిలదీయడానికి ఎవరూ లేరు. కసిరిన కోడలు కూడా తలుపు దగ్గర కూర్చుని వింటూనే ఉంది.

దసరా వెళ్లిన నాలుగో రోజు తాతయ్య పోయాడు. ఏడాదిపాటు ఇంట్లో పండగ లేదన్నారు. దీపావళికి దీపాలు పెట్టలేదు. మర్నాడు బలిపాడ్యమి, బలిచక్రవర్తి తన ప్రజలను చూసుకోవడానికి పైకి వచ్చే రోజు అది. వాళ్లింట్లో మామూలు రోజులాగే గడిచింది. నాగులచవితినాడు పక్కింటి పిన్ని పుట్టకు వెళుతూ పిల్లను కూడా తీసుకెళ్లింది. పొలం గట్టునే పుట్ట, వేపచెట్టుకు కొంచెం అవతల. ఆడవాళ్లంతా చలిమిడి, చిమ్మిలి పెట్టి, పాలు పోసి దండాలు పెట్టుకున్నారు. అందరూ అయ్యాక పిల్ల పుట్ట దగ్గర గొంతుక్కూర్చుని, కన్నానికి నోరు దగ్గరగా పెట్టింది.

''తాతయ్యా, ఎర్రావు ఈనింది. పెయ్యదూడ.''

పోయేముందు వారం రోజులూ ఆయన అడిగింది ఆ చూడి ఆవు సంగతే. పిన్ని విననట్టే అటు తిరిగి, చెంబులో మిగిలిన పాలు రెండో కన్నంలో పోసింది.