హవల్దారుగారి నడుము

తెలుగువాడికి నొప్పుల విషయంలో వున్న భాషాసంపద మరి దేంట్లోనూ లేదని నా నమ్మకం. పన్ను సలుపుతుంది, తల పగిలిపోతుంది, కాళ్లు పీకుతాయి, రెక్కలు లాగేస్తాయి, నడుము పట్టేస్తుంది, వేళ్లు కొంకర్లు పోతాయి, అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఇరవై ఏళ్లుగా కాలేజీలో పర్యాయపదాలు బోధిస్తున్నవాణ్ణి గనక ధైర్యంగా మనవి చేస్తున్నాను, ఇవి పర్యాయపదాలు కావు. పీకడం వేరు, లాగడం వేరు. ఇంత సంపద చేతిలో పెట్టుకుని కూడా ఎవరైనా “ఏమిటండీ ఒంట్లో?” అని అడిగితే “ఏముందండీ, వాతం!” అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. వాన పడితే వాతం, వయసు మళ్లితే వాతం, వంకాయ తింటే వాతం.

ఆ వాతమనే మూట విప్పి లోపల ఏమేం వున్నాయో వేరుచేసి చూసే వైద్యుల్ని నేను మొదటిసారి చూడడం మా పక్కింటి హవల్దారుగారి పుణ్యమే.

ఆయన మనిషి ఈ ప్రాంతంవాడే. సైన్యంలో ఇరవై నాలుగేళ్లు చేసి, పెన్షను పుచ్చుకుని, నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర రాత్రి కాపలాకి కుదిరాడు. మా ఉప్పల్, నాచారం వైపు మాజీ సైనికులు చాలామంది చేసే పని ఇదే. యాభై ఎనిమిదేళ్లు. గడ్డం గీసుకోని రోజు లేదు, ఇస్త్రీ లేని చొక్కా లేదు. కొంచెం ముందుకి వంగి నడుస్తాడు. అది వయసనుకున్నాం అందరం.

కాపలాలో ఆయనకి గొప్ప పేరు. తెల్లవారుజామున మూడింటికి, కాపలాదార్లంతా స్టూలు మీద కునికిపాట్లు పడే వేళకి, ఈయన లేచి ఫ్యాక్టరీ చుట్టూ గిరగిరా తిరుగుతాడు. ఆ జాగరూకతకి మెచ్చి ఒక ఆగస్టు పదిహేనున యజమాని చేతిగడియారం బహూకరించాడు. అది ఇప్పటికీ ఆయన మణికట్టుకే వుంది. ఈ గడియారం సంగతి మళ్లీ వస్తుంది గనక పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి.

ఒకనాడు ఆయన భార్య మా గుమ్మంలోకి వచ్చి, “సారూ, రేపు దవాఖానకి మీరు జర తోడు రాండ్రి. ఈయన డాక్టరు ముంగట నోరు తెర్వడు. తెరిస్తే ఠీక్ హై అంటడు” అంది. మాజీ సైనికుల కోసం 2003 ఏప్రిల్లో మొదలైన ఆరోగ్య పథకం ఒకటుంది, ఈ.సి.హెచ్.ఎస్. అంటారు. దాని కార్డు పుచ్చుకుని చిన్న వైద్యశాలకి పోతే, వాళ్లు అవసరాన్నిబట్టి పెద్ద ఆస్పత్రికి రాసి పంపుతారు. హవల్దారుగారికి సికిందరాబాదు వైపు ఒక పెద్ద ఆస్పత్రిలో కీళ్లవాత విభాగానికి చీటీ రాశారు. ముగ్గురం హబ్సిగూడ దాకా ఆటోలో పోయి మెట్రో ఎక్కాం. సీట్లు ఖాళీగా వున్నా ఆయన కూచోలేదు. “నిలబడితేనే మంచిగుంటది సార్” అన్నాడు. పరేడ్ గ్రౌండ్ స్టేషన్లో దిగినప్పుడు ఆ పేరు చూసి ఆయన నవ్వాడు గాని, నిటారుగా మాత్రం కాలేకపోయాడు.

ఆ విభాగానికి అధిపతి ఒక మలయాళీ డాక్టరమ్మ. విభాగాధిపతి అంటే పెద్ద బల్ల, వెనక అద్దాల బీరువా, సంతకాలు అనుకునేవాణ్ణి. మా కాలేజీలో అంతే మరి. ఈవిడకి బల్ల వుంది గాని దాని వెనక కూచోగా నేను చూడలేదు. నలుగురు కుర్రడాక్టర్లు రోగుల్ని చూస్తుంటే వాళ్ల వెనక నుంచుని వింటుంది. రోగి మాటల్ని కాదు, డాక్టర్ల ప్రశ్నల్ని. ఒక కుర్రవాడు హవల్దారుగారిని “నొప్పి పదికి ఎన్ని పాళ్లు వుంటుంది?” అని హిందీలో అడిగాడు. ఈయన మడమలు దగ్గరికి చేర్చి, “దో, సాబ్” అన్నాడు. కుర్రవాడు రెండు అని రాసేసుకున్నాడు.

డాక్టరమ్మ ఆ కాగితం తీసుకుని అంకె కొట్టేసింది. “సిపాయిని పదికి ఎంత అని అడగకూడదు. రెండుకి మించి చెప్పడు. సాక్సు ఎలా తొడుక్కుంటున్నాడో అడుగు” అంది. తరవాత నాకేసి తిరిగి, ఈయన ఇంట్లో ఏ భాష మాట్లాడతాడని అడిగింది. తెలుగన్నాను. “హిందీ ఈయన నౌకరీ భాష. అందులో ఈయన జన్మలో ఫిర్యాదు చేసి వుండడు. ఆయన భార్యని లోపలికి పిలవండి” అంది.

నాకు ఒళ్లు జలదరించింది. భాష గురించి నేను చదివిన పుస్తకాలు తక్కువేమీ కావు. ఒక మనిషికి నాలుగు భాషలు వచ్చి కూడా నొప్పి మాత్రం ఒక్కదాంట్లోనే వుంటుందన్న సంగతి నాకు చెప్పింది, తెలుగు రెండు ముక్కలు కూడా రాని ఈవిడ!

హవల్దారుగారి భార్య లోపలికి వచ్చి, కొంగు సవరించుకుని, తడుముకోకుండా చెప్పింది: “రాత్రి మూడు గొట్టంగ లేస్తడమ్మా. నడుము కట్టె లెక్క అయిందంటడు. పండుకుంటే ఎక్కువైతది. జరసేపు తిరిగితే సదురుకుంటది. ఇప్పుడు గాదు, మా పెండ్లి అయినప్పటి సంది.”

నేను హిందీలోకి అనువదించాను. డాక్టరమ్మ కుర్రడాక్టర్లందరినీ దగ్గరికి పిలిచింది. రోగం మొత్తం ఆ నాలుగు మాటల్లోనే వుందట. బరువులెత్తి, అరిగి వచ్చిన నడుంనొప్పి పనిచేస్తే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. లోపల వాపువల్ల వచ్చేది తలకిందులు. పడుకుంటే బిగుస్తుంది, తెల్లవారుజామున లేపేస్తుంది, నడిస్తే సర్దుకుంటుంది. సాధారణంగా పాతికేళ్ల ప్రాయంలో, నలభై అయిదు లోపే మొదలవుతుంది. ఇంగ్లీషులో ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అంటారు. కటి ఎముకలకీ వెన్ను అడుగుభాగానికీ మధ్య వుండే కీళ్లలో మొదలై, వెన్ను పైకి పాకుతూ, పూసల్ని ఒకదానికొకటి అతికించేస్తుంది.

ఆ గేటు దగ్గర ప్రదక్షిణలు ఎందుకో నాకప్పుడు బోధపడింది. యజమాని గడియారం ఇచ్చింది జాగరూకతకి కాదు, రోగలక్షణానికి!

“గోడకి ఆనుకుని సావధాన్‌లో నుంచోండి” అంది డాక్టరమ్మ. ఆయన మడమలు ఆనించాడు, వీపు ఆనించాడు, గడ్డం లోపలికి తీశాడు. తల వెనక్కి ఆనలేదు. మళ్లీ ప్రయత్నించాడు. మెడ నరాలు ఉబ్బాయి. డాక్టరమ్మ తలకీ గోడకీ మధ్య వేళ్లు పెట్టి చూసింది. నాలుగు వేళ్లు పట్టాయి. ఇరవై నాలుగేళ్లు సావధాన్‌లో నుంచున్న మనిషి గోడకి తల ఆనించలేక నేల చూపులు చూస్తుంటే ఆ గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఎక్స్‌రేలో పూసలు గణుపుల్లా అతుక్కుని వున్నాయి. దీన్ని వైద్యగ్రంథాల్లో వెదురు వెన్ను అంటారట. ఆవిడ వంటింట్లో కూచుని “కట్టె” అన్నది కూడా దీన్నే గదా!

“ఎప్పుడు షురువైంది అన్నా?” అని నేను తెలుగులో అడిగాను. నేలకేసి చూస్తూనే చెప్పాడు: “ఇరువై ఆరేండ్లప్పుడు సార్. చలికి అనుకున్న. చెప్తే కేటగిరీ దించుతరు. షేప్ వన్ పోతే ప్రమోషన్ పోతది.” షేప్ అనేది సైన్యంలో ఆరోగ్యానికి వేసే తరగతి, మనసు, చెవులు, కాళ్లుచేతులు, దేహదారుఢ్యం, కళ్లు, అయిదింటికీ ఒకటో మార్కు వుంటే షేప్ వన్. ఆ ఒకటి నిలబెట్టుకోవడం కోసం ఆయన నడుము ఇచ్చేశాడు.

ఆయన ఎక్స్‌రేలు చూసేలోగా నేను వరండాలో కూచున్నాను. మాజీ సైనికుల ఆస్పత్రి అంటే అంతా మీసాలే వుంటాయనుకున్నాను గాని, సగానికి సగం ఆడవాళ్లే, సిపాయిల భార్యలూ తల్లులూ. చేతివేళ్ల కీళ్లు వాచి, గ్లాసు పట్టుకోలేనివాళ్లు. ఆ రుమటాయిడ్ జబ్బు మగవాళ్లకన్న ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువట. వాళ్లలో చాలామందికి రాసే మందు మెథోట్రెక్సేట్. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే సంస్థలో నడిపించిన ఫోలిక్ ఆమ్లం పరిశోధనలోంచి 1940లలో పుట్టిన మందు ఇది. ఆయన 1948లో పోయారు. కీళ్లజబ్బుకి ఆ దేశం దాన్ని లాంఛనంగా ఒప్పుకున్నది 1988లో. ఆ మందుకి ఒక గండం వుంది. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అక్కడి సిస్టరు ప్రతి చీటీ మీదా “సోమవారం మాత్రమే” అని తెలుగులో రాస్తోంది. వారానికి ఒకసారి అని రాయవచ్చు గదా అన్నాను. “వారమంటే ఏ వారం అని అడుగుతారండి” అంది. మా శాఖలో ఇటువంటి నిఘంటుకారిణి ఒక్కతీ లేదు.

కీళ్లవైద్యానికీ సైన్యానికీ సంబంధం ఇవాళ్టిది కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యం హాట్ స్ప్రింగ్స్ అనే వూళ్లో వాతరోగాల కేంద్రం పెట్టి ఫిలిప్ హెంచ్ అనే డాక్టరుకి అప్పగించింది. ఆయనే 1948 సెప్టెంబరులో మేయో క్లినిక్‌లో, కీళ్లు బిగుసుకుపోయిన ఒక యువతికి కార్టిసోన్ ఇప్పించాడు. కొద్దిరోజుల్లోనే ఆ అమ్మాయి లేచి నడిచింది. 1950లో మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ మందు చేసే హాని తరవాత తెలిసివచ్చింది, అది వేరే కథ. మలేరియా రాకుండా ఆ యుద్ధంలోనే సిపాయిలకి మింగించిన మెపాక్రిన్ లూపస్ అనే జబ్బుకి పనికివస్తుందని 1951లో ఇంగ్లండులో ఒక డాక్టరు రాశాడు. ఆ మందుకి వరసయ్యే మాత్రలే ఇప్పుడీ వరండాలో పంచుతున్నారు. మలేరియా గుట్టు దోమలో వుందని సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది ఇక్కడికి కూతవేటు దూరాన బేగంపేటలోనే.

లోపలికి పిలిచి, అతుక్కున్న పూసలు విడవవని డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. మాత్రలు, వ్యాయామం, అవి చాలకపోతే ఖరీదైన సూదిమందులున్నాయి, ముందు క్షయ లోపల దాగి లేదని పరీక్ష చేయాలి. అవి ఎవరికి రాయాలన్న నిర్ణయం రోజూ ఆవిడ నెత్తినే పడుతుంది. అంతా చెప్పి, “పిల్లలెంతమంది?” అని అడిగింది. ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో పారుతుంది. 1973లో కనిపెట్టారు, హెచ్.ఎల్.ఎ. బి-27 అనే రక్తలక్షణంతో దీనికి చుట్టరికం వుంది. అది వున్న అందరికీ జబ్బు రాదు, చాలామందికి రానేరాదు.

హవల్దారుగారు “ఏం లేదు మేడం” అనబోయాడు. భార్య ఆగలేదు. “కొడుకు గూడ పొద్దున మంచం దిగనీకి గోడ వట్టుకుంటడు. ఈయన ఓర్చుకో అంటడు.” కొడుక్కి ఇరవై నాలుగు. పోలీసు కానిస్టేబులు ఉద్యోగానికి రోజూ పరుగు సాధన చేస్తున్నాడు.

“తీసుకురండి” అంది డాక్టరమ్మ.

“కాగితం మీద ఎక్కియ్యద్దు మేడం” అన్నాడాయన. అదొక్కటే ఆయన ఆ రోజు అడిగినది.

ఆవిడ చాలాసేపు వూరుకుంది. “ఎక్కించకుండా మందు రాయలేను. ఎక్కించినందువల్ల ఉద్యోగం పోదని మాట ఇవ్వలేను. కాని ఎక్స్‌రేలో కనపడేదాకా ఆగితే ఏమవుతుందో మీరు గోడ దగ్గర చూశారు” అంది. పైగా ఆ పథకంలో కొడుక్కి హక్కు పాతికేళ్లు నిండేదాకానే. ఆ నియమం నాకు సబబుగా తోచలేదు. ఈ జబ్బు సరిగ్గా ఆ వయసులోనే గదా తలెత్తేది!

తిరుగు ప్రయాణంలో ఆయన మాతో మాట్లాడలేదు. నెలరోజులు మా గుమ్మం తొక్కలేదు. కొడుకు పరుగు మానలేదు. తరవాత ఒక ఆదివారం ఆయనే వచ్చి, “రేపు సెలవు పెడ్తరా సార్?” అన్నాడు.

ఈసారి నలుగురం వెళ్లాం. నెలరోజుల్లో డాక్టరమ్మ నాలుగు తెలుగు ముక్కలు పట్టింది. కుర్రవాణ్ణి ఎదురుగా కూచోబెట్టుకుని, మలయాళపు యాసలో, “పొద్దున పట్టేస్తుందా? ఎంతసేపు?” అని అడిగింది. కుర్రవాడు తండ్రి వైపు చూసి, నీళ్లు నమిలాడు.

“ముప్పావుగంట మేడం” అన్నాడు హవల్దారుగారు. చేతిగడియారం ముందుకు చాపి, ముల్లు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా పోతుందో వేలితో చూపించాడు. “నెల సంది రోజూ చూస్తున్న. మొన్న చలికి గంట వట్టింది.”

ఇదంతా తెలుగులోనే చెప్పాడు. నన్ను అనువదించమని ఎవరూ అడగలేదు.